ఒళ్లో బిడ్డకు బెల్టేదీ?

విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు వాళ్లకు అన్ని అవసరాలకూ దారి. పెద్దాసుపత్రికీ, పెళ్లి బట్టలకూ సుమారు 75 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ వెళ్లాలి. రాములవారి మొక్కు తీర్చాలంటే అదే రోడ్డున రెండోవైపు భద్రాచలం వెళ్లాలి. ఎన్టీఆర్ జిల్లా చివర, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో కారు ఇప్పుడు అపురూపమేమీ కాదు. ఐదుగురు పట్టే కారులో ఏడుగురు సర్దుకోవడమూ కొత్త కాదు. అలా సర్దుకున్నప్పుడు అందరికన్నా చిన్నవాడికి దొరికే చోటు ఒకటే: అమ్మ ఒడి, లేదా అమ్మమ్మ ఒడి. ఏసీ బాగా తగులుతుందనీ, కుదుపులు తక్కువనీ ఆ తల్లీబిడ్డలను చాలాసార్లు డ్రైవరు పక్క సీట్లోనే కూర్చోబెడతారు. ఇంట్లో పిల్లలకు ఒడిని మించిన చోటు లేదు కానీ కదిలే కారులో అంతకన్నా ప్రమాదకరమైన చోటు లేదు.

ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. గంటకు 50 కిలోమీటర్లు మనకు వేగంలానే అనిపించదు. కానీ ఆ వేగంతో వెళ్తూ దేన్నైనా గుద్దుకోవడం సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడటంతో సమానం. కారు ముందుభాగం నలిగి, బెల్టు కాస్త సాగి, మనిషి అర మీటరు దూరంలో ఆగాడనుకుందాం. అప్పుడు ఒంటి మీద పడే బలం ఒంటి బరువుకు దాదాపు ఇరవై రెట్లు ఉంటుంది. పది కిలోల బిడ్డను పట్టి ఆపాలంటే ఆ క్షణంలో రెండు వందల కిలోలను ఆపగల చేతులు కావాలి. ఎంత గట్టి తల్లికైనా అది సాధ్యం కాదు. ఆమె బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా ఇరవై రెట్లై బిడ్డను డ్యాష్‌బోర్డుకు నొక్కేస్తుంది. తల్లీబిడ్డలిద్దరి చుట్టూ కలిపి ఒకే బెల్టు పెడితే బిడ్డ నలిగేది ఆ బెల్టుకూ తల్లికీ మధ్య.

ముందు సీట్లో దీనికి తోడు ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ముందు కూర్చునే ప్రయాణికుడికి ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకు తప్పనిసరి అయింది, తర్వాత పాత మోడళ్లకూ వర్తించింది. అది పెద్దవాళ్ల ఎత్తుకూ బరువుకూ తగ్గట్టు చేసిన సంచి. రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో ఉబ్బి బయటికి వస్తుంది. పెద్దవాళ్ల ఛాతీని కాచే ఆ దెబ్బే ఒళ్లో కూర్చున్న బిడ్డ తలకూ మెడకూ తగులుతుంది. 2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీట్లో తల్లి ఒళ్లో ఉన్న రెండేళ్ల పాప ఇలాగే ప్రాణం పోగొట్టుకుంది. ఆ తర్వాత పిల్లల సీట్లు తప్పనిసరి చేస్తామని ఆ రాష్ట్ర రవాణా కమిషనర్ ప్రకటించారు. విమర్శలు రావడంతో ఇప్పట్లో అమలు చేయబోమని మంత్రి చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర ఈ విషయం ఎక్కడ ఆగుతోందో ఆ ఒక్క ఉదంతం చెబుతుంది.

చట్టం ఏమంటోంది

నిజానికి చట్టం ఎప్పుడో ఉంది. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణలోని 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో గానీ, పిల్లల కోసం చేసిన రక్షణ సీటుతో గానీ కట్టి ఉంచకుండా బండి నడిపినా, నడపనిచ్చినా వెయ్యి రూపాయల జరిమానా.

ఇందులో ఒక చిక్కుంది. రెండేళ్ల పిల్లకు పెద్దవాళ్ల బెల్టు పెట్టినా చట్టం సంతృప్తి పడుతుంది. పిల్ల శరీరం మాత్రం పడదు. ఆ బెల్టు పట్టాల్సింది భుజం ఎముకనూ నడుం ఎముకలనూ. పొట్టి పిల్లలకు పై పట్టీ మెడ మీదికీ, కింది పట్టీ పొట్ట మీదికీ వస్తుంది. గుద్దుకున్నప్పుడు పేగులూ కాలేయమూ ఆ దెబ్బ తింటాయి. పిల్లల సీటు పని ఈ తేడాను సరిచేయడమే. కారు ఆగేటప్పుడు పుట్టే బలాన్ని ఒంట్లో తట్టుకోగల ఎముకల మీదికి, వీలైనంత విశాలంగా పంచుతుంది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన ఈ లెక్కలో 8,331 మంది డ్రైవర్లు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు. ఆ ఏడాది సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది కూడా వెనక సీట్లో, బెల్టు లేకుండానే. వెనక కూర్చుంటే ఏమీ కాదన్న నమ్మకం అప్పుడు కొంత కదిలింది. పిల్లల విషయంలో మాత్రం ఇంకా కదలాల్సి ఉంది.

మెడ నిలిచినా వీపు ముందుకే

మూడు నాలుగు నెలలకు బిడ్డకు మెడ నిలిచిందంటాం. నిలిచింది కండరం. లోపలి మెడపూసలు ఇంకా పూర్తిగా ఎముకగా మారవు, అది ఏళ్ల తరబడి సాగే పని. పైగా పసిబిడ్డ ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. ముఖం ముందుకు పెట్టి కూర్చున్న బిడ్డ ఒంటిని పట్టీలు ఆపినా, అంత బరువైన తల ముందుకు విసిరినట్టు పోయి మెడను లాగుతుంది. అదే బిడ్డ ముఖం వెనక అద్దం వైపు, వీపు డ్రైవరు వైపు ఉండేలా కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు వీపులోకి ఒదుగుతాయి. దెబ్బ ఒకచోట పడకుండా వీపంతా పరుచుకుంటుంది.

ఈ ఆలోచనకు అరవై ఏళ్లు. జెమిని వ్యోమగాములు రాకెట్ లేచేటప్పుడు ఆ ఒత్తిడిని వీపుతో తట్టుకోవడం గమనించిన స్వీడన్ ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మాన్ 1964లో వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు నమూనా తయారు చేశాడు. ఇప్పుడు ఐరోపాలో ఆర్129 అనే కొత్త ప్రమాణం కనీసం పదిహేను నెలల దాకా వెనక్కి తిరిగే ఉండాలంటోంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో వయసు గీత తీసేసి, ఆ సీటు అనుమతించే గరిష్ఠ బరువూ ఎత్తూ వచ్చేదాకా అలాగే ఉంచమని చెప్పింది.

కాళ్లు మడుచుకుపోతాయని పెద్దవాళ్లు బాధపడతారు. పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగానే కూర్చుంటారు. కాలికి తగిలే దెబ్బా, మెడకు తగిలే దెబ్బా ఒకటి కాదన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఏది కొనాలి

కొనేముందు తెలుసుకోవాల్సింది బిడ్డ బరువు, ఎత్తు. వయసు ఆ తర్వాత. మన మార్కెట్లో దొరికే సీట్లలో చాలావాటి మీద ఐరోపా ఆర్44 ప్రమాణం లెక్కలే ఉంటాయి. మన దేశపు ఏఐఎస్-072 ప్రమాణానికీ అదే ఆధారం. పదమూడు కిలోల దాకా వెనక్కి తిరిగి ఉండేది మొదటి రకం. తొమ్మిది నుంచి పద్దెనిమిది కిలోల దాకా, సొంత పట్టీలతో ముందుకు తిరిగి ఉండేది రెండోది. పదిహేను నుంచి ముప్పై ఆరు కిలోల దాకా, కారు బెల్టునే సరైన ఎత్తులో తగిలేలా బిడ్డను లేపి కూర్చోబెట్టే బూస్టర్ మూడోది.

చేతిపిడితో బుట్టలా ఉండే పసిపిల్లల సీటు సౌకర్యమే గానీ ఏడాది, ఏడాదిన్నరకే చిన్నదైపోతుంది. ఒక్కటే కొనగలిగిన ఇంటికి, మొదట వెనక్కి, తర్వాత ముందుకు తిప్పుకునే కన్వర్టిబుల్ రకం మేలు. రెండు సీట్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే వెనక్కి తిరిగి ఎన్ని కిలోల దాకా వాడొచ్చో చూసి, ఎక్కువున్నదే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టిక ప్రకారం రెండేళ్ల మగపిల్లవాడి సగటు బరువు 12 కిలోల పైచిలుకు. అంటే పదమూడు కిలోల హద్దున్న సీటు కూడా చాలామంది పిల్లలను రెండేళ్లు దాటేదాకా వెనక్కి తిప్పే ఉంచగలదు. తొమ్మిది కిలోలకే ముందుకు తిప్పొచ్చని పెట్టె మీద రాసి ఉంటుంది. అది అనుమతి మాత్రమే. తిప్పి తీరాలని కాదు.

సీటు వెనకో కిందో నారింజ రంగు లేబుల్ కోసం వెతకండి. వృత్తంలో ఇంగ్లిషు E అక్షరం, పక్కన దేశం సంఖ్య, కింద ఆమోదం నంబరు ఉంటాయి. ఆర్44 సీటుకు ఆ నంబరు 04తో మొదలైతే ఆ ప్రమాణపు చివరి రూపం ప్రకారం పరీక్షించారని అర్థం. ఐదారు వేల నుంచి పాతిక ముప్పై వేల దాకా ధరలుంటాయి. లేబుల్ ఉన్న తక్కువ ధర సీటు, లేబుల్ లేని ఖరీదైనదాని కన్నా నయం. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు గుడ్డ పరుపూ నాలుగు పట్టీలూ కలిపి అమ్మేవి ఉంటాయి. వాటికి లేబులూ ఉండదు, గుద్దుడు పరీక్షా ఉండదు.

ఎవరో వాడిన సీటు తీసుకోవాలంటే అది ప్రమాదంలో ఉన్న కారులోది కాదని గట్టిగా తెలియాలి. పైకి పగులు కనబడకపోయినా లోపలి ప్లాస్టిక్, థర్మాకోల్ దెబ్బతిని ఉండొచ్చు. తయారైన తేదీ, గడువు చూడాలి. ఎండలో నిలబెట్టే మన కార్లలో ప్లాస్టిక్ తొందరగా పెళుసెక్కుతుంది.

కారే కొత్తగా కొంటుంటే మరో మాట. 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దవాళ్ల రక్షణకు ఒక రేటింగు, పిల్లల రక్షణకు వేరే రేటింగు ఇస్తారు. ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మలను సీట్లలో కూర్చోబెట్టి కారును గుద్దిస్తారు. పిల్లల సీట్లు ఆ కారులో ఎంత సులువుగా, సరిగ్గా అమరుతాయో దానికీ మార్కులుంటాయి. షోరూములో ఐదు నక్షత్రాలు అని చెబితే, ఏ ఐదని అడగాలి.

బిగించడంలోనే ఉంది

అమెరికా రహదారి భద్రతా సంస్థ పరిశీలిస్తే దాదాపు సగం, అంటే 46 శాతం పిల్లల సీట్లు ఏదో ఒక విధంగా తప్పుగా వాడుతున్నట్టు తేలింది. అక్కడ బిగించి చూపించేందుకు శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. తిరువూరులో ఆ పని మనమే చేసుకోవాలి. సీటు కొన్న రోజు హడావిడిగా కాకుండా, ప్రయాణానికి ముందు రోజు ఓ గంట పెట్టుకుని, సీటు పుస్తకమూ కారు పుస్తకమూ రెండూ తెరిచి కూర్చోండి.

చోటు వెనక సీటే. మధ్యలో మూడు చోట్ల పట్టే బెల్టు ఉండి, సీటు గట్టిగా అమరితే మధ్య మేలు. పాత కార్లలో మధ్యన నడుం పట్టీ ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు ఎడమవైపు పెడితే బిడ్డను రోడ్డు అంచు వైపు నుంచి దించుకోవచ్చు. వెనక్కి తిరిగి ఉండే సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

ఇటీవలి చాలా కార్లలో ఐసోఫిక్స్ కొక్కేలుంటాయి. వెనక సీటు కుషనూ వీపూ కలిసే సందులో చెయ్యి పెడితే రెండు ఉక్కు కడ్డీలు తగులుతాయి. సీటు చేతులను వాటిలోకి నెట్టితే క్లిక్‌మని చప్పుడై, గుర్తు ఆకుపచ్చగా మారుతుంది. అక్కడితో ఆపేస్తే పని సగమే. సీటు ముందుకు ఒరగకుండా పట్టే మూడో ఆధారం కావాలి. కొన్నిటికి అది పైనుంచి వెనక్కి లాగి కట్టే పట్టీ, కొన్నిటికి కారు నేలకు ఆనే కాలు. పై పట్టీని లంగరు గుర్తున్న కొక్కేనికే తగిలించాలి, డిక్కీలో సామాను కట్టే కొక్కేనికి కాదు. కాలు పెట్టేచోట నేలలో మూతున్న పెట్టె ఉంటే ఆ చోటు పనికిరాదు.

ఐసోఫిక్స్ లేకపోతే కారు బెల్టుతో బిగించొచ్చు, సరిగ్గా చేస్తే అదీ అంతే భద్రం. ఐరోపా పద్ధతి సీట్ల మీద బెల్టు పోయే దారికి రంగు గుర్తులుంటాయి: వెనక్కి తిరిగితే నీలం, ముందుకు తిరిగితే ఎరుపు. బెల్టు ఆ దారినే పోవాలి, మెలిక పడకూడదు. మోకాలు సీటులో ఆనించి బరువంతా వేసి, మరో చేత్తో బెల్టును వదులు లేకుండా లాగాలి. మామిడికాయల లోడెత్తిన లారీ మీద తాడు బిగించేవాళ్లను చూసే ఉంటారు, ఆ పట్టు కావాలి. తర్వాత బెల్టు పోయేచోట సీటును పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. అంగుళానికి మించి కదిలితే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. బుట్ట సీట్ల చుట్టూ తిరిగి రావడానికి కొన్ని కార్ల బెల్టు పొడవు చాలదు. కొనేముందే మన కారులో పెట్టి చూడటం అందుకే.

ఇక బిడ్డ. వెనక్కి తిరిగినప్పుడు పట్టీలు భుజాల ఎత్తులోనో కాస్త కిందనుంచో రావాలి. ముందుకు తిరిగినప్పుడు భుజాల ఎత్తులోనో కాస్త పైనుంచో రావాలి. బకిల్ పెట్టి బిగించాక భుజం మీది పట్టీని రెండు వేళ్లతో గిల్లితే మడత చిక్కకూడదు. పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టి పైన పట్టీలు కట్టకూడదు. గుడ్డ నలిగి పట్టీ వదులైపోతుంది. చలివేస్తే పట్టీలు కట్టాక పైన దుప్పటి కప్పండి. నెలల బిడ్డ గడ్డం ఛాతీ మీదికి వాలకుండా సీటు వాలుగా ఉండాలి. తల వాలితే ఊపిరి అడ్డుపడుతుంది. అందుకే పసివాళ్లను రెండు గంటలకు మించి ఏకబిగిన కూర్చోబెట్టకూడదు. ఇల్లు చేరాక ఆ సీట్లోనే నిద్రపుచ్చకూడదు.

బూస్టర్ నుంచి ఎప్పుడు దించాలి? వీపు కారు సీటుకు పూర్తిగా ఆని, మోకాళ్లు సీటు అంచున వంగి, కింది పట్టీ తొడల మీద, పై పట్టీ భుజం మధ్యలో పడి, దారి పొడుగునా అలాగే కూర్చోగలిగినప్పుడు. మామూలుగా అది 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తుకు వస్తుంది. చాలామందికి పదేళ్లు దాటుతాయి.

అమెరికా నుంచి వచ్చిన సీటు

తిరువూరు వైపు చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నారు. కూతురి పురుటికి అక్కడికి వెళ్లిన అమ్మమ్మలకు ఈ సీటు కొత్త కాదు. అక్కడ చాలా ఆసుపత్రుల్లో కారులో సీటుందో లేదో చూశాకే బిడ్డను ఇంటికి పంపుతారు. పిల్లల సీటు తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం టెన్నెసీ. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుబట్టి సాధించిన ఆ చట్టం 1978లో అమల్లోకి వచ్చింది. తర్వాత ఏడెనిమిదేళ్లలో అన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అక్కడి అలవాటు ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది. మన దగ్గర బిడ్డ మొదటి దూర ప్రయాణం పుట్టింటి నుంచి అత్తవారింటికి, మూడో నెలలోనో ఐదో నెలలోనో. సారెతో పాటు ఆ కారులో సీటూ ఉండాలి.

సెలవులకు వచ్చిన కూతురూ అల్లుడూ అమెరికా సీటును ఇక్కడే వదిలి వెళ్తే ఒక సంగతి చూసుకోవాలి. అక్కడి కార్ల బెల్టును పూర్తిగా లాగి వదిలితే బిగుసుకుని అలాగే ఉండిపోతుంది. మన కార్ల బెల్టులు సాధారణంగా ఒక్కసారి గట్టిగా లాగినప్పుడు మాత్రమే పడతాయి, మామూలప్పుడు వదులవుతూనే ఉంటాయి. ఆ సీటుకే బెల్టును నొక్కిపట్టే సొంత క్లిప్పు ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే ఐసోఫిక్స్ కడ్డీలకు తగిలించే ఏర్పాటు చూసుకోవాలి.

ఎండ, ఇరుకు, మోటారు సైకిలు

మే నెలలో మన ఎండకు మూసి ఉంచిన కారు కొలిమి. బకిల్ ఇనుమును చేత్తో తాకి చూశాకే బిడ్డకు పెట్టండి. నిలిపి ఉంచినప్పుడు సీటు మీద తెల్లగుడ్డ కప్పండి. రెండు నిమిషాల పనైనా బిడ్డను కారులో ఒంటరిగా వదలొద్దు. ఇంటి ముందున్న కారుకు తాళం వేసే ఉంచాలి. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆగి ఉన్న కారెక్కి ఆడుకుంటూ లోపల చిక్కుకుపోయి నలుగురు పిల్లలు చనిపోయారు.

పిల్లల సీటు ఒక మనిషి చోటు తీసుకుంటుంది. ఇరుకు కారులో అదే అసలు తగాదా. బిడ్డ సీటు లెక్కపెట్టాకే ఎంతమంది వస్తారో తేల్చుకోవాలి. మిగిలినవాళ్లకు ఆర్టీసీ బస్సుంది. ట్రావెల్స్ కారు మాట్లాడుకునేటప్పుడు వెనక బెల్టులు పనిచేస్తున్నాయో లేదో, బకిళ్లు సీటు కిందికి దూరిపోయి ఉన్నాయేమో ముందే అడగండి. మన సీటు మనమే తీసుకెళ్లొచ్చు.

కారు లేనివాళ్లకూ నిబంధనలున్నాయి. 2022 ఫిబ్రవరిలో ప్రకటించి ఏడాది తర్వాత అమల్లోకి తెచ్చిన నియమం ప్రకారం, మోటారు సైకిలు మీద నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారి ఒంటికి కలిపి కట్టే పట్టీలుండాలి. తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్ పెట్టాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు.

మొదటి రెండు మూడు ప్రయాణాల్లో బిడ్డ ఏడుస్తాడు. వెనక కూర్చున్న నాయనమ్మ మనసు కరుగుతుంది, ‘ఊరు దాటేదాకా నా ఒళ్లో ఉండనీయ్ రా’ అంటుంది. ఏడుపు ఆగకపోతే బండి పక్కకు ఆపి, బిడ్డను దించి, పాలు పట్టి, తిప్పి, మళ్లీ సీట్లో పెట్టి బయల్దేరాలి. నడుస్తున్న కారులో పట్టీలు విప్పకూడదు. చట్టంలోని మాట మళ్లీ చూడండి: నడిపినా, నడపనిచ్చినా. జవాబు చెప్పుకోవాల్సింది నాయనమ్మ కాదు, స్టీరింగ్ ముందున్నవాళ్లు. పట్టీలు కట్టేదాకా బండి కదలదని ఆమెకు మర్యాదగా, ఒక్కసారి గట్టిగా చెప్పాల్సిందీ వాళ్లే.